ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఇల్లు

పిల్లి మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అయినా భోజనాల దగ్గర అత్తగారు కంచం ముందుకు లాక్కుంటూ అన్నారు: "ఈ ఇంట్లోకి పిల్లులూ గిల్లులూ తెస్తే నేను ఊరుకోను. ముందే చెప్తున్నా."

కొడుకు తలెత్తాడు. "పిల్లేంటమ్మా?"

"ఏమో. చెప్తున్నా, అంతే."

ఆయన తల దించుకుని తినడం కొనసాగించాడు. కూతురు గ్లాసులో నీళ్లు పోసుకుంది. చెయ్యి ఆపింది కోడలు ఒక్కతే. ఆ మధ్యాహ్నం కుట్టుమిషను దగ్గర కూర్చుని ఫోన్లో 'పిల్లిని పెంచడం ఎలా' అని కొట్టింది ఆమే. పిల్లులంటే ఆమెకి పడదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. తన ఫోన్ ఎవరైనా చూస్తున్నారేమో తేల్చుకోవడానికి కొట్టింది. తేలింది.

అంతదాకా రావడానికి కారణం ఒక గది. కోడలు టైలర్. మిషను పెట్టుకోవడానికి ఇంట్లో ఆమెకి దొరికింది వసారాలో ఒక మూల. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు అత్తగారి కుర్చీ దాటి ఆ మూలకి రావాలి. దాటేలోపు అత్తగారు వాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టేవారు. వాళ్లు వెళ్లాక వాళ్ల నడుముల గురించీ మొగుళ్ల గురించీ వీధి గుమ్మంలో నిలబడి మాట్లాడేవారు. రెండోసారి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. కింద షాపు, పైన కాపురం ఉండేలా ఎక్కడైనా చూసుకుందామని టైలర్ భర్తతో అంది. "చూడు, చూద్దాం" అన్నాడాయన. ఆయన లిఫ్టుల మెకానిక్. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లని బయటికి లాగడం ఆయన ఉద్యోగం. ఇంట్లో ఆ పని ఎప్పుడూ చేయలేదు.

పోస్టాఫీసు వెనక వీధిలో ఒక గది ఉన్నట్టు టైలర్ ఫోన్లో చూసింది. ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు ఆ ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. "మీ ఇంట్లోంచి పెద్దావిడ మాట్లాడారమ్మా. మీ ఆయనకి ఇష్టం లేదటగా. నాకెందుకొచ్చిన గొడవ, ఇంకొకళ్లకి ఇచ్చేశాను."

అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఫోన్ ఎత్తితే ఆ గొంతే. ఒక్కో మాటా విడగొట్టి, ఎక్కడా హెచ్చకుండా మాట్లాడతారు. ఆ గొంతు విన్నవాడెవడూ ఎదురు ప్రశ్న వేయడు. ఓనరూ వేయలేదు.

అయితే ఆ గది సంగతి అత్తగారికి చేరవేసిందెవరు? పిల్లిని వెతికింది అందుకే. అత్తగారు భోజనాల దగ్గర పిల్లి మాట ఎత్తాక టైలర్ ఫోన్ తీసి, తను వెతికినవన్నీ వరసగా ఉండే పేజీ చూసింది. తన పిల్లి పైన ఇంకో పిల్లి ఉంది. 'పిల్లి వెంట్రుకలు ఉబ్బసం.' అది తను కొట్టలేదు. భర్త బేస్‌మెంట్లో పనిచేస్తాడు, సాయంత్రం దాకా సిగ్నలే ఉండదు. అత్తగారికి ఫోన్లో పాటలు వినడం తప్ప ఇంకేం రాదని ఇంట్లో అందరి నమ్మకం. మిగిలింది భర్త అక్క. టైలర్‌కి వదిన.

వదిన లైబ్రేరియన్. పెళ్లి చేసుకోలేదు, తల్లి దగ్గరే ఉంటుంది. ఇంట్లో నాలుగు ఫోన్లు కొన్నప్పుడు నాలుగూ ఆమే సెట్ చేసింది. నాలుగింట్లోనూ తన అకౌంటే పెట్టింది. "ఒకటే పాస్‌వర్డ్. ఎవరూ మర్చిపోరు, మర్చిపోయినా నేనున్నా" అంది. అప్పట్నుంచీ టైలర్ తీసిన కొలతల ఫొటోలూ, లిఫ్టు మోటార్ల ఫొటోలూ, అత్తగారి మోకాలి ఎక్స్‌రేలూ అన్నీ ఒక్కచోటే చేరుతూ వచ్చాయి. పోయిన నెల వదిన ఆ పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది ఎవరికీ చెప్పలేదు.

ఆ వదినే వారానికోసారి లైబ్రరీలో క్లాసు చెప్తుంది. ఫోన్లో మన వివరాలు ఎవరికి పోతున్నాయి, వాటిని ఎలా ఆపాలి అన్నది పాఠం. మొదట్లో జనం రాకపోతే కుర్చీలు నిండటానికి తల్లినీ తీసుకెళ్లింది. ఆవిడ ఇంటికొచ్చి కోడలితో అన్నారు: "అదేం చదువే? పాస్‌వర్డ్ అనగానే అందరూ లేచి గోడకేసి తిరుగుతున్నారు, శిక్ష వేసినట్టు."

ఆ వారం క్లాసుకి టైలర్ వెళ్లింది.

ఆ రోజే వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. బస్ డిపో వైపు ఇంకో షాపు ఖాళీ అయిందని కొలతలకొచ్చిన ఒకావిడ చెప్పింది. టైలర్ దాన్ని ఫోన్లో వెతకలేదు. ఓనరు నంబరు కూడా ఫోన్లో ఎక్కించలేదు. సుద్దతో ఒక గుడ్డముక్క మీద రాసుకుని టేపు డబ్బాలో పెట్టుకుంది. కొలతలకొచ్చినావిడ ఫోన్ నుంచే మాట్లాడింది. ఓనరు డిపోలో పనిచేస్తాడు. "డ్యూటీ దిగి ఐదున్నరకి వస్తాను. వీధి మొదట్లో నిలబడి ఫోన్ చేయండి, తాళం తీస్తా. ఇవాళ చూడకపోతే మాత్రం రేపు ఇంకొకళ్లొస్తున్నారు" అన్నాడు. ఫోన్ పట్టుకెళితే తనెక్కడుందో ఇంట్లో కనపడుతుంది. అకౌంటు పీకేసి వెళ్దామంటే నంబర్లూ కొలతలూ పోతాయి. కొలతలు పోతే షాపు దొరికినా పెట్టడానికి ఏమీ ఉండదు.

లైబ్రరీలో పేపర్లు చదివే గదిలోనే క్లాసు. బల్లలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. ప్రొజెక్టరు వెలుగు గోడ మీద, దాని పక్కన అట్ట మీద నియమాలు. ఎవరి ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే మిగతావాళ్లు వెనక గోడ వైపు తిరగాలి. తెచ్చిన సమస్య తీరకుండా ఎవర్నీ తిప్పి పంపం. లైబ్రేరియన్ చేతులు వెనక కట్టుకుని కుర్చీల మధ్య తిరుగుతోంది. పాఠం చెప్పేవాళ్లు నేర్చుకునేవాళ్ల ఫోన్ ముట్టుకోకూడదు, నోటితోనే చెప్పాలి. చేతులు ఊరుకోవు కాబట్టి వెనక్కి కట్టుకోవడం అలవాటు చేసుకుంది.

మరదలు లోపలికి రావడం ఆమె చూసింది. పలకరించలేదు. మరదలూ పలకరించలేదు. ముందు వరసలో కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"పోయినవారం మీరు చెప్పినట్టే అన్నీ ఆపేశాను మేడం" అన్నాడు పక్క కుర్చీలో ఉన్న ముసలాయన. బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయాడు. క్లాసులో అందరూ డ్రైవర్ బాబాయ్ అంటారు. "ఇప్పుడు ఫోనే రావట్లేదు."

"ఫోన్ ఆపమని నేనెప్పుడన్నాను? లొకేషన్ ఆపమన్నాను."

"ఏది ఏంటో నాకెలా తెలుస్తుంది, అన్నీ ఇంగ్లీషులో ఏడిస్తే?"

"భాష మార్చుకోవడం చెప్పాను. ఆ వారం మీరు నిద్రపోయారు."

"మీ గొంతు అలాంటిది. ఏం చేయను?"

రెండు మూడు కుర్చీల్లోంచి నవ్వు వినపడింది. లైబ్రేరియన్ నవ్వలేదు. గోడ మీద ఒక టార్చిలైటు యాప్ చూపించింది. దాన్ని పెట్టుకునేటప్పుడు అది ఏమేం అడుగుతుందో పైకి చదివింది. "మీ నంబర్లన్నీ చూస్తానంటోంది. ఒప్పుకున్నాను అని నొక్కేస్తారు మీరు. టార్చిలైటుకి మీ చుట్టాల నంబర్లెందుకు?"

"ఇంట్లో శుభకార్యం ఉందేమో, పిలుస్తుంది" అన్నాడు డ్రైవర్ బాబాయ్.

"నవ్వండి. రేపు మీ కూతురికి ఎవడో ఫోన్ చేసి మీ గొంతుతో మాట్లాడితే అప్పుడూ నవ్వండి."

గది చల్లబడింది. "ఈవిడ ప్రతివారం భయపెట్టే పంపిస్తుంది" అని వెనక ఎవరో గొణిగారు. "భయం లేకపోతే వినరు" అంది లైబ్రేరియన్, వెనక్కి తిరక్కుండానే.

టైలర్ చెయ్యెత్తింది. "మేడం, ఒక డౌటు."

"డౌట్లు చివర్లో."

"చివరిదాకా ఉండలేను. ఐదున్నరకి నాకు పనుంది."

"అయితే వచ్చేవారం రండి."

"తిప్పి పంపం అని అక్కడ రాశారు మేడం."

అందరూ అట్ట వైపు చూశారు. లైబ్రేరియన్ కూడా చూసింది. "అడగండి" అంది.

"ఒక ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. నాలుగింట్లోనూ ఒకటే అకౌంటు. ఒక ఫోన్లో వెతికింది ఇంకో ఫోన్లో కనపడుతుందా?"

"కనపడొచ్చు."

"కనపడొచ్చా, కనపడుతుందా?"

"ఏమీ మార్చకుండా వదిలేస్తే కనపడుతుంది."

"ఫొటోలు?"

"అవీ."

"నేనెక్కడ తిరుగుతున్నానో?"

"ఫోన్ ఎక్కడుందో కనపడుతుంది. మనిషి కాదు."

"ఫోన్ ఇంట్లో పడేసి తిరిగే మనుషులు ఉన్నారా మేడం ఈ రోజుల్లో?"

చివరి వరసలో డ్యూటీ బట్టల్లో కూర్చున్న నర్సు ముందుకి వంగింది. "అలా ఎందుకు పెట్టుకున్నారండీ? నలుగురికీ ఒకటేంటి, సబ్బుబిళ్లలాగా?"

"మేం పెట్టుకోలేదండీ. పెట్టారు. ఇంట్లో అందరికంటే ఫోన్ల గురించి తెలిసినావిడ."

"మరి ఆవిడ్నే అడక్కపోయావా అమ్మా?" అన్నాడు డ్రైవర్ బాబాయ్.

"అడుగుతున్నాగా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నర్సుకి అయింది. టైలర్ని చూసి లైబ్రేరియన్ని చూసింది. "మీరిద్దరూ..."

"మా ఆయనకి అక్క. నాకు వదిన."

లైబ్రేరియన్ చేతులు వెనకే ఉన్నాయి, కానీ ఒక చెయ్యి ఇంకో మణికట్టుని పట్టుకుంది. "ఇది ఇంటి సంగతి. ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో నేను మాట్లాడక్కర్లేదు వదినా. మనసులో అనుకుంటే చాలు, మీ అమ్మగారికి తెలిసిపోతోంది." టైలర్ క్లాసు వైపు తిరిగి పిల్లి సంగతి చెప్పింది. పొట్టిగా చెప్పింది. డ్రైవర్ బాబాయ్‌కి నవ్వు వచ్చి దగ్గు పట్టుకుంది. నర్సు లేచి ఆయన వీపు తట్టింది.

"పిల్లి లేదు, గిల్లీ లేదు, ఊరికే భోజనాల దగ్గర..." అని ఆయన మళ్లీ దగ్గాడు.

"నేను అమ్మకి ఏమీ చెప్పలేదు" అంది లైబ్రేరియన్.

"మరి పిల్లి ఎలా తెలిసింది?"

"పిల్లి సంగతి నాకు ఇప్పుడే తెలుస్తోంది."

"ఇంతమందిలో ఎంత తేలిగ్గా అబద్ధమాడేస్తున్నారు వదినా!"

"ఏం కావాలి నీకు?"

"నా నంబర్లు. నా కొలతల ఫొటోలు. అవి నాకిచ్చేసి, మీ అకౌంటు నా ఫోన్లోంచి తీసేయండి. ఇప్పుడే. సమస్య తీరకుండా నేను వెళ్లను. నియమం మీదే."

"తియ్యండి మేడం" అన్నాడు వెనక కూర్చున్న ఒకాయన. "వారం వారం మాకు చెప్తారుగా, మీ వివరాలు మీ హక్కని." ఇంకొకావిడ అవునంది. ఇన్ని వారాలుగా ఆ గొంతుని భరించినవాళ్లంతా ఆ మాటకి కూర్చున్నచోట కాస్త నిటారయ్యారు.

లైబ్రేరియన్ ప్రొజెక్టరు ఆపేసింది. పుస్తకాలిచ్చే కౌంటరు మీద కంప్యూటర్ ఉంది. దాని ముందు కూర్చుంది. చేతులు ముందుకొచ్చాయి. ఆమె చేతులు క్లాసులో ముందుకు రావడం అక్కడున్నవాళ్లు అంతకుముందెప్పుడూ చూడలేదు.

"పాస్‌వర్డ్" అంది.

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి వెనక గోడ వైపు, పత్రికల అరల వైపు తిరిగారు. టైలర్ తిరగలేదు. కౌంటరు దగ్గరికొచ్చి, వదిన చెవికి మాత్రమే వినపడేలా మాట్లాడింది. అంతదాకా 'మీరు' అంటున్న మనిషి ఇప్పుడు 'నువ్వు'లోకి దిగింది.

"పక్క జిల్లా లైబ్రరీకి బదిలీ పెట్టుకున్నావు. అక్కడ ఆడవాళ్ల హాస్టల్ చూసుకున్నావు. కిటికీ ఉన్న గదే కావాలని వెతికావు."

కీబోర్డు మీద వేళ్లు ఆగిపోయాయి.

"నాది నీకు కనపడితే నీది నాకు కనపడదా వదినా? ఇందాక నువ్వే చెప్పావుగా."

లైబ్రేరియన్ తెర వైపే చూసింది. టార్చిలైటు ఏం అడుగుతుందో, ఆటల యాప్ ఏం అడుగుతుందో ఆమె ఎన్ని వారాలుగానో చెప్తోంది. తను వెతికేవి తన ఇంట్లోనే ఇంకో మూడు ఫోన్లలోకి వెళ్తున్నాయని ఆమెకి తట్టలేదు. వాటిని సెట్ చేసింది తను. తను పెట్టిన ఫోన్ల వైపు నుంచి తనకేదో రాగలదని ఎప్పుడూ అనుకోలేదు.

"అందుకేగా నా గది చెడగొట్టావు? మేం ముందు వెళ్లిపోతే అత్తయ్యతో నువ్వే మిగులుతావు. అడుగు తీసి అడుగేస్తే ఆవిడకి లెక్క చెప్పుకుంటూ."

"చెడగొట్టలేదు." లైబ్రేరియన్ గొంతు కూడా తగ్గింది. "చెడిపోతే బాగుండు అనుకున్నాను. అంతే. నువ్వు గది వెతకడం చూశాను, నిజం. పాస్‌వర్డ్ మార్చింది కూడా అందుకే, నువ్వు లోపలికి వెళ్లి నన్ను తీసేయకుండా. గది పోయాక చూడటం మానేశాను. పిల్లిని నేను చూడలేదు."

"ఎవరు నమ్ముతారు?"

"నమ్మకు."

"అయిందా తల్లీ?" గోడ వైపు నుంచి డ్రైవర్ బాబాయ్ అడిగాడు. "మెడ పట్టేసింది నాకు."

"అవలేదు. తిరక్కండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

లైబ్రేరియన్ పాస్‌వర్డ్ కొట్టింది. అకౌంటు తెరుచుకుంది. వెతికినవన్నీ వరసగా వచ్చాయి. ఫోన్లో చూసినప్పుడు అవి వట్టి వరసగానే ఉంటాయి. ఇక్కడ ఒక్కోదాన్నీ నొక్కితే అది ఏ ఫోన్ నుంచి వెళ్లిందో కూడా చూపిస్తోంది. టైలర్ కౌంటరు మీదకి వంగింది. 'పిల్లిని పెంచడం ఎలా', తన ఫోన్. 'పిల్లి వెంట్రుకలు ఉబ్బసం', తన ఫోన్ కాదు. వదినదీ కాదు.

వదిన కిందకి జరిపింది. పోస్టాఫీసు వెనక వీధి గది రెండుసార్లు ఉంది. ఒకసారి టైలర్ ఫోన్ నుంచి, తర్వాత పిల్లి వెంట్రుకల ఫోన్ నుంచి. హాస్టలూ రెండుసార్లు ఉంది. ఒకసారి వదిన ఫోన్ నుంచి, అదే సాయంత్రం మళ్లీ ఆ ఫోన్ నుంచి. ఎవరు ఏది వెతికినా, కాసేపటికి ఆ ఫోన్ వచ్చి అదే తెరిచి చూసి వెళ్లింది. లైబ్రేరియన్ ఫోన్ల పేజీ తీసింది. నాలుగు ఉన్నాయి. మెకానిక్ ఫోన్ పొద్దున్నించీ అందుబాటులో లేదు. తామిద్దరి ఫోన్లూ ఈ గదిలోనే ఉన్నాయి. నాలుగోదాని ఎదురుగా 'ఇప్పుడే వాడారు' అని ఉంది.

"అమ్మ" అంది లైబ్రేరియన్.

"అత్తయ్యకి పాటలు పెట్టుకోవడం తప్ప..."

"క్లాసుకి వచ్చింది." లైబ్రేరియన్ మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. "మొదటి పాఠం అదే. మన అకౌంటు మన గురించి ఏమేం దాచుకుందో తెరిచి చూడటం. గదిలో ప్రశ్నలడిగింది ఆవిడొక్కతే. ఎంత శ్రద్ధగా వింటోందో అనుకున్నాను."

టైలర్‌కి నవ్వొచ్చేలా ఉంది, రాలేదు. "అంటే నువ్వు నేర్పావు."

"ఆవిడ్ని కాపాడుకోమని నేర్పాను!"

"కాపాడుకుంటోందిగా. ఇల్లు మొత్తాన్ని."

"నువ్వు ఆ ఫోన్ పట్టుకుని వీధులన్నీ తిరక్కపోతే..."

"నువ్వు అందరి ఫోన్లలోనూ దూరకపోతే!"

గొంతులు లేచాయి. డ్రైవర్ బాబాయ్ గోడ వైపు నుంచి తిరిగాడు. "ఎవరు ఎవరికి ఏం నేర్పారమ్మా?"

"కూర్చోండి" అంది లైబ్రేరియన్. "అందరూ కూర్చోండి. అయిపోయింది."

తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. లైబ్రేరియన్ ఒక పెన్‌డ్రైవ్ పెట్టి నంబర్లూ ఫొటోలూ అందులోకి దించింది. దించుతుంటే ఫొటోలు తెర మీద ఒక్కొక్కటే వెళ్లాయి. భుజాలు, మెడలు, చేతుల పొడవులు, వాటి మధ్య ఒక ఎక్స్‌రే, ఒక మోటారు. పరాయివి వచ్చినప్పుడల్లా ఆమె పక్కకి తప్పించింది. టైలర్ నిలబడి ప్రతి ఫొటో చూసింది. ఒక్కటి కూడా నమ్మకం మీద వదల్లేదు. చివరికి లైబ్రేరియన్ పెన్‌డ్రైవ్ తీసి కౌంటరు మీద మరదలి వైపు జరిపింది, చేతికివ్వలేదు.

"నీ ఫోన్లో నువ్వే నొక్కు. అకౌంటు తీసేయి అని ఉంటుంది. తర్వాత కొత్తది నీ పేరుతో పెట్టుకో."

టైలర్ నొక్కింది. ఫోన్ ఖాళీ అయింది. ఆ క్షణం ఆమె మొహంలో భయం నర్సుకి కనపడింది. కొత్త అకౌంటు పెట్టే పేజీ వచ్చింది. ఒక్కో గడీ నింపుతూ వెళ్లి ఒకచోట ఆగింది.

"పాస్‌వర్డ్" అంది టైలర్.

అందరికంటే ముందు గోడ వైపు తిరిగింది లైబ్రేరియన్. చేతులు వెనక్కి వెళ్లాయి. క్లాసు మొత్తం తిరిగింది. టైలర్ ఒక్కతే ఆ గదిలో ఎవరి కళ్లూ పడకుండా కొట్టుకుంది.

పెన్‌డ్రైవ్ తగిలించాక నంబర్లు ఫోన్లోకి వచ్చేశాయి. ఫొటోలూ వచ్చేశాయి. లైబ్రేరియన్ మళ్లీ కంప్యూటర్ దగ్గరికెళ్లి ఫోన్ల పేజీ తెరిచింది. మూడు మిగిలాయి. తల్లి ఫోన్ మీద నొక్కింది. ఈ ఫోన్ని తొలగించాలా అని తెర అడిగింది. ఆమె చదివి, ఆగి, నొక్కింది.

టైలర్ టేపు డబ్బాలోంచి గుడ్డముక్క తీసింది. సుద్ద సగం చెరిగింది, అంకెలు తెలుస్తున్నాయి. తలుపు దగ్గర నిలబడి తన ఫోన్ నుంచే కలిపింది. "బయల్దేరుతున్నానండీ. మా ఇంట్లోంచి మీకెవరైనా ఫోన్ చేశారా?... లేదా? ఎవరైనా చేసి ఏం చెప్పినా నమ్మకండి, నేనే వస్తున్నా. ఆఁ, ఐదున్నరకి."

సంచీ భుజానికి తగిలించుకుని కౌంటరు వైపు చూసింది. "థాంక్స్ చెప్పను."

"ఎవరడిగారు? నువ్వు తీసుకెళ్లిన జాకెట్ల డిజైన్ల పుస్తకం గడువు దాటిపోయింది. తెచ్చివ్వు."

"కొత్త ఇంటికి వెళ్లాక తెస్తా. మేం ముందు వెళ్తాం వదినా."

"నా బదిలీ కాగితం వచ్చేవారం వస్తుంది. చూద్దాం."

టైలర్ మెట్లు దిగింది. అదే సమయానికి కౌంటరు మీద లైబ్రరీ ఫోన్ మోగింది. లైబ్రేరియన్ ఎత్తింది. ఆ గొంతు ముందు వరసలో కూర్చున్నవాళ్లకి కూడా వినపడింది. ఎక్కడా హెచ్చలేదు, ఒక్కో మాటా విడిగా వచ్చింది.

"నా ఫోన్ పాస్‌వర్డ్ అడుగుతోంది."

"తెలుసమ్మా."

"పాటలు రావట్లేదు."

"ఇంటికొచ్చి నీ పేరుతో వేరే అకౌంటు పెడతా. పాటలు వస్తాయి."

"కోడలు అక్కడికొచ్చింది కదూ. ఇప్పుడు ఎటు బయల్దేరింది?"

కిటికీలోంచి వీధి కనపడుతోంది. టైలర్ సిగ్నల్ దగ్గర ఆగి, ఫోన్ తీసి ఒకసారి చూసుకుని సంచీలో వేసుకుంది. ఇంటి వైపు కాదు, డిపో వైపు దాటింది. లైబ్రేరియన్ చూస్తూనే ఉంది. మరదలికి అటు ఏదైనా చోటు దొరికితే తనకేమవుతుందో ఆమెకి తెలుసు. ఒక్క మాట చాలు. గదిలో అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"ఈ లైబ్రరీకి ఎవరొచ్చారో, ఎటు వెళ్లారో మేం ఎవరికీ చెప్పమండీ" అంది.

"మేమా? అండీనా?" అంది ఆపరేటరు గొంతు. తర్వాత అదే మెత్తదనంతో, "సరే. అన్నట్టు, కిటికీ ఉన్న గది దొరికిందా?"

లైబ్రేరియన్ జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేసింది. పెట్టాక కూడా దాని మీద నుంచి చెయ్యి తీయడానికి కొంచెం సేపు పట్టింది. తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని క్లాసు వైపు తిరిగింది. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం ఎప్పటిదే.

"తర్వాత ఎవరు?"

డ్రైవర్ బాబాయ్ ఫోన్ పైకెత్తాడు. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు.

"నాది చూడండి మేడం. మా కోడలు సెట్ చేసిచ్చింది. ఇందులో ఎవరి అకౌంటు ఉందో నేనెప్పుడూ చూడలేదు."

"నేను చూడను" అంది లైబ్రేరియన్. "మీరు తెరవండి. నేను చెప్తాను."